పారబోయాల్సిన కప్పు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో చెప్పుకుంటారు. ఉంటే ఉంది. మా ఇంట్లో పనిచేసే ముక్కు ఇప్పుడు నాదొక్కటే. కోపమైనా పెట్టుకోనివ్వండి.

మా ఆయనకి కరోనా జ్వరం వచ్చింది, తగ్గింది. పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. ఆ రోజుల్లో చాలామందికి పోయింది, మళ్ళీ వచ్చింది. ఈయనకి రాలేదు. కాకినాడలో పెద్ద డాక్టరు చూసి, "వస్తే వస్తుందండీ" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి డాక్టరు చదువు దేనికి? లవంగాలు, నిమ్మతొక్క, వాము, కర్పూరం పొద్దునా సాయంత్రం ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చమన్నాడు. పాపం పీల్చారు. ఇంట్లో కర్పూరం దేవుడికి తక్కువ, ఈయన ముక్కుకి ఎక్కువ ఖర్చయింది. చేదు, తీపి, ఉప్పు నాలుక్కి తెలిసేవి. అంతకు మించి ఏమీ లేదు. పప్పుచారుకీ వేణ్ణీళ్ళకీ తేడా ఉప్పేనంటే నమ్ముతారా?

బతికుంటే బలుసాకు తినొచ్చు, ముక్కు లేకపోతే ఏం అనేవాళ్ళు అన్నారు. వాళ్ళకేం, అంటారు. మాది అమలాపురం బస్టాండు దగ్గర చిన్న కాఫీ హోటలు. టిఫినూ గిఫినూ ఏమీ ఉండేది కాదు. ఉత్త కాఫీ. పచ్చి గింజలు తెప్పించి తెల్లవారుజామున పెద్ద ఇనప మూకుడులో ఈయనే వేయించేవారు. గడియారం చూసేవారు కాదు, రంగు చూసేవారు కాదు. కళ్ళు మూసుకుని అట్లకాడ తిప్పుతూ తిప్పుతూ ఒక్కసారిగా "చాలు" అని దింపేవారు. నేను పక్కనే ఉండేదాన్ని. నాకూ వాసన తెలుస్తుంది గానీ ఆ "చాలు" ఎక్కడుందో నాకెప్పుడూ దొరకలేదు. ఆ ఒక్క మాట మీదే మా హోటలు నడిచింది. రాజోలు బస్సు తప్పిపోతుందని తెలిసీ ఒక్క కప్పు కోసం నిలబడిపోయేవాళ్ళు మనుషులు.

జ్వరం తర్వాత కొన్నాళ్ళు అలవాటు మీద నెట్టుకొచ్చారు. ఒకరోజు నేను కూరగాయలు తీసుకుని వస్తుంటే రోడ్డుకి ఇవతలికే మాడు వాసన కొట్టింది. పరుగెత్తుకెళ్ళి చూద్దును కదా, ఈయన మూకుడు ముందు నిలబడి నింపాదిగా తిప్పుతున్నారు. చుట్టూ నల్లటి పొగ. నన్ను చూసి, "ఇంకొంచెం వేగాలి" అన్నారు.

ఆ రోజు షట్టర్ దించేశాం.

తర్వాత చాలాకాలం ఇంట్లో మాటలు లేవు. ఈయన అసలే నోట్లో నాలుక లేని మనిషి. అరుగు మీద కూర్చుని వచ్చే బస్సునీ పోయే బస్సునీ చూసేవారు. మొన్న వానాకాలంలో ఒకనాటి పొద్దున్న కాఫీ ఇచ్చి నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఒక గుక్క వేసి, తలెత్తి, "ఇవాళ డికాషన్ చిక్కగా దిగింది" అన్నారు. దిగింది! నిజంగానే దిగింది! మర్నాడు "పాలు అడుగంటినట్టున్నాయి" అన్నారు. అడుగంటాయి, నాకు తెలుసు, నేనే కదా చూసుకోక ఊరుకున్నది. ఇంకోరోజు "కొత్తపొడి కలిపేవా?" అన్నారు. కలిపాను. నేను మురమళ్ళ పోయి వీరేశ్వరస్వామికి కొబ్బరికాయలు కొట్టి వచ్చాను. దారి పొడుగునా కనబడ్డవాళ్ళకల్లా, మా ఆయనకి ముక్కు వస్తోంది, వచ్చేస్తోంది అని చెప్పాను. ఆశ లావు, పీక సన్నం అంటారు. అది నన్ను చూసే పుట్టిన సామెత.

హోటలు గది ఇంకా మా పేరనే ఉంది. గదిగలాయన మంచివాడే గానీ ఎన్నాళ్ళని ఊరుకుంటాడు? సెల్‌ఫోన్ల కొట్టువాళ్ళు అడుగుతున్నారు, తెరుస్తారో లేదో ఈ నెలాఖరుకి తేల్చి చెప్పండి అన్నాడు. తెరవాలంటే ముందు గింజలు నూరే మర కావాలి. మా పాత మర తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అప్పుడే పాత ఖాతాదారు ఒకాయన ముక్తేశ్వరం సంగతి చెప్పాడు. అక్కడొకాయన ఎస్ప్రెస్సో కాఫీకి గింజలు నూరే మరలు చేస్తాడట. చూస్తే ఇంతే ఉంటుందట, ఖరీదు మాత్రం మోటారుసైకిలంత. రావులపాలెంలో అరటిగెలల లారీల పక్కనుంచి పార్సెల్ ఎక్కి బెంగుళూరు పోతాయట, అక్కణ్ణుంచి విదేశాలకి పోతాయట. ఇక్కడ మనవాళ్ళకెవరికీ తెలియదు. మరి మన ఊళ్ళో సంగతి మనకి బెంగుళూరువాళ్ళు చెబితే గానీ తెలియదు కదా.

నేనే ఫోన్ చేశాను. ఆయన మర్యాదగా అంతా విన్నాడు. "ఆయ్ అండీ, తప్పకుండా రండి. కానీ ఒక్క మాటండి. నేను మరని ఊరికే ఇవ్వనండి. తీసుకునే మనిషి వచ్చి కూర్చోవాలి. రెండు రకాలుగా నూరి కాఫీ తీసి ఇస్తాను. ఏది కుదిరిందో, ఏది కుదరలేదో ఆయనే నోటితో చెప్పాలండి. ఆ చెప్పినదాన్ని బట్టే మర లోపలి బిళ్ళలు బిగిస్తాను. చెప్పలేనివారికి ఇస్తే మర పాడండి, నా పేరూ పాడండి" అన్నాడు.

నాకు ఇంకేం కావాలి? మా ఆయన ముక్కుకి ఇంతకన్నా పరీక్ష ఏముంటుంది? చెప్పగలిగారా, మర పట్టుకొస్తాం, షట్టర్ ఎత్తుతాం. చెప్పలేకపోయారా, తాళంచెవి ఇచ్చేస్తాం. ఈయనతో అన్నాను. "సరే, వెళ్దాం" అన్నారు. కొంచెం ఆలస్యంగా అన్నారు. నేను దాన్ని పట్టించుకోలేదు.

స్కూటరు మీద వెళ్ళాం. ముక్తేశ్వరంలో రేవుకి పోయే దారి దాటాక కొబ్బరితోటలో ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు. షెడ్డులో అడుగుపెట్టగానే ఇనప రజను వాసన, కొబ్బరినూనె వాసన, తడి కొబ్బరి డొక్కల పొగ వాసన. ఈయనకి లేదు కాబట్టి నేను ఇద్దరి వంతూ పీలుస్తుంటాను ఎక్కడికెళ్ళినా. అలవాటైపోయింది.

ఆయన అరవై దాటిన మనిషి. బనీను, మెళ్ళో తువ్వాలు. "రండి బావగారూ, రండి చెల్లెమ్మగారూ" అని ఎన్నాళ్ళో తెలిసినట్టు పిలిచాడు. ఇదివరకు రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే యంత్రాలకి పళ్ళచక్రాలు చేసేవాడట. భీమవరం వైపు రొయ్యల వ్యాపారి ఒకాయన ఇంట్లో విదేశీ కాఫీమర చెడిపోతే ఈ మరలాయన దగ్గరికి తెచ్చాడట. "విప్పి చూస్తే మన తిరగలేనండి! పైదొకటి, కిందదొకటి. రాయి బదులు ఉక్కు, అంతే తేడా. ఓసి దీనెమ్మ కడుపు మాడా, దీనికా అంత డబ్బు అనుకున్నానండి. బాగుచేసి ఇచ్చేక నిద్ర పట్టలేదండి. నేనొకటి చేసి చూద్దామని మొదలెట్టేను. అంతే, రొయ్యలు పోయేయి, కాఫీ పట్టుకుంది" అన్నాడు.

"మీరు కాఫీ బాగా తాగుతారేమో అన్నయ్యగారూ" అన్నాను.

"నేనా? ఆయ్, టీయేనండి!" అని పెద్దగా నవ్వాడు. "ఇప్పుడు తాగక తప్పడం లేదనుకోండి."

బల్ల మీద మా కోసం అనుకున్న మర ఉంది. ఇత్తడి ఒళ్ళు, పైన చిన్న గిన్నె. ఆయన దాన్ని విప్పి లోపలి ఉక్కు బిళ్ళలు రెండూ చూపించాడు. అరచేతిలో పట్టేంతే ఉన్నాయి, చుట్టూ సన్నటి గాట్లు చెక్కి ఉన్నాయి. ఆ రెండూ ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేకుండా ఎదురెదురుగా కూర్చోవాలట. ఎక్కడ ఎత్తుందో తెలుసుకోవడానికి ఒక బిళ్ళ అంచుకి ఎర్రగా చుక్కలు పెట్టి తిప్పి చూస్తున్నాడు. ఎర్రదనం ఎక్కడ చెరిగితే అక్కడ ఎత్తు. ఆ ఎర్రది ఏమిటా అని చూస్తే వాళ్ళావిడ తిలకం సీసా.

"నెలకో సీసా అండి వదినగారూ. ఈ మరలు సుమంగళులు, నాకు మాత్రం స్టిక్కరు బొట్లు" అంది వాళ్ళావిడ, లోపల్నుంచి వస్తూనే. మేమందరం నవ్వాం. ఈయన కూడా నవ్వారు. ఈయన అలా నవ్వి చాలా రోజులైందని నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఈ మర మాకు వచ్చేస్తుంది, మళ్ళీ తెల్లవారుజామున మూకుడు దగ్గర నిలబడతాం అనుకున్నాను. గట్టిగా అనుకున్నాను.

బల్ల గోడకి ఆనించి ఉంది. ఈయన్ని బల్ల ముందు స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఈయన మొహం గోడవైపు. వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరికి లాక్కెళ్ళి కుశలప్రశ్నలు మొదలెట్టింది. ఆయన బిళ్ళలు బిగించి, బల్ల కింద నుంచి ఒక గోనెసంచి లాగి మూతి విప్పాడు.

అబ్బ! గుమ్మం దగ్గరున్న నాకే గుప్పుమని కొట్టింది. ముక్కిపోయిన బియ్యం డబ్బా మూత తీస్తే వస్తుందే, ఆ వాసన. వానకి తడిసి, ఆరకుండా మూలన పడి ఉండి, బూజు పట్టిన గింజలు. కొత్త బిళ్ళలు ముందు కొన్నాళ్ళు నలగాలట, మంచి గింజలు దానికి పోయడం దేనికని వరదలో తడిసిన సరుకు తెచ్చి పోస్తాడట. ఇదంతా వాళ్ళావిడ తర్వాత చెప్పింది. ఆయన మాత్రం ఈయనకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? కాఫీ హోటలు నడిపిన మనిషికి ఆ సంచి మూతి విప్పగానే తెలియాలి కదా.

"ముందు ధార చూద్దామండి బావగారూ" అన్నాడంతే. నూరాడు, పక్కనున్న కాఫీ యంత్రంలో బిగించాడు, కింద కప్పు పెట్టాడు. కాఫీ సన్నగా దిగింది. ఆయన దాని రుచి కోసం చూడడం లేదు, ఎంత తొందరగా పడుతోందో, ఎంత లావున పడుతోందో చూస్తున్నాడు. "ఊహూ, పరుగెడతా ఉంది" అని గొణుక్కుని, ఆ కప్పు బల్ల మీద పక్కకి పెట్టేసి, బిళ్ళలు బిగించడానికి మరవైపు వంగాడు. అది పారబోయాల్సిన కప్పు.

సరిగ్గా అప్పుడే వాళ్ళావిడ పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, అవే పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి ప్లేట్లో పెట్టి బల్ల మీద ఉంచి, "తీసుకోండి అన్నయ్యగారూ, మొహమాటపడకండి" అంది.

ఈయనకి ఎదురుగా కప్పు ఉంది. తీసుకోండి అన్నారు. తీసుకున్నారు. నేను "ఏమండీ" అనేలోపు ఎత్తి గటగటా తాగేశారు. చిన్న కప్పేగా, రెండు గుక్కలు. తాగి, కప్పు కింద పెట్టి, తల ఊపి, "ఆయ్, బాగుందండీ. చాలా బాగుందండీ" అన్నారు.

ఆయన పానా చేత్తో పట్టుకుని ఇటు తిరిగాడు. ఖాళీ కప్పు చూశాడు. ఈయన మొహం చూశాడు. మళ్ళీ కప్పు చూశాడు.

మీరు ఇంకో జిల్లావాళ్ళయితే అడుగుతారు, అయ్యా అది ముక్కిపోయిన గింజల కాఫీ, ఉమ్మెయ్యి అని ఆయన ఎందుకు చెప్పలేదని. మా కోనసీమలో చెప్పరు. ఇంటికొచ్చిన మనిషి తన చేతికి అందినది బాగోలేదనడు. ఇంటాయన ఆ మనిషి తాగినది తాగకూడనిదనడు. ఇద్దరికిద్దరూ ఆయ్ ఆయ్ అనుకుంటూ కూర్చుంటారు, మధ్యలో మనిషి చచ్చినా సరే. ఆయన పెదవులు తడుపుకుని, "ఆయ్... సంతోషమండి" అన్నాడు.

గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మనసు మాత్రం ఇంకా సాకులు వెతుకుతోంది. ఈయనకి తెలిసే ఉంటుంది, మొహమాటానికి తాగారు, మర్యాదకి బాగుందన్నారు, ఎంత మర్యాదస్తులో నాకు తెలియదా! రెండో కప్పు రానీ. అప్పుడు తేడా చెబుతారు.

ఆయన మర తుడిచాడు. వేరే డబ్బాలోంచి మంచి గింజలు పోశాడు. ఆ వాసన గురించి నేనేం చెప్పను? కాగుతున్న బెల్లప్పాకం, వేగిన వేరుశనగపప్పు, ఆ అడుగున ఎక్కడో చిన్న పులుపు. మా హోటలు తెల్లవారుజాము అంతా ఒక్కసారి మీద పడ్డట్టయింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. ధార ఈసారి తేనెలా నింపాదిగా దిగింది. ఆయన రెండు చేతులతో కప్పు అందించాడు. "ఇప్పుడు చెప్పండి బావగారూ. దానికీ దీనికీ."

ఆ గొంతులో బతిమాలడం ఉంది. ఏదో ఒకటి చెప్పవయ్యా అని.

ఈయన మెల్లగా తాగారు. పూర్తిగా తాగారు. గోడకేసి చూస్తూ కాసేపు ఆలోచించారు. "ఆయ్, ఇదీ బాగుందండీ. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఎప్పుడు తీసినా ఒకేలా రావడం, అదేనండి మర గొప్పతనం" అన్నారు. అని, సరిగ్గా మెచ్చుకున్నానా లేదా అన్నట్టు వెనక్కి తిరిగి నాకేసి చూశారు.

ఇక ఆయన ఏమీ అడగలేదు. పొట్టిక్కలు తినమన్నాడు. తిన్నాం. కొబ్బరి ధర గురించి మాట్లాడాడు. మేం లేచాక స్కూటరు దాకా వచ్చి, ఈయన బండి తిప్పుతుంటే నా పక్కన నిలబడి నెమ్మదిగా, "బావగారికి జలుబు చేసినట్టుందండి చెల్లెమ్మగారూ" అన్నాడు.

"ఆయ్, జలుబేనండి" అన్నాను.

"మర సంగతి నేను కబురు చేస్తానండి" అన్నాడు. మా వైపు కబురు చేస్తానన్న మాటకి అర్థం చంటిపిల్లలకి కూడా తెలుసు.

దారిలో నేను ఆగకుండా వాగాను. పచ్చడిలో కారం ఎక్కువైందన్నాను. ఆవిడ చీర రంగు బాగుందన్నాను. తిలకం సీసా సంగతి మళ్ళీ చెప్పి నేనే నవ్వాను. ఈయన బండి నడుపుతున్నారు. కాలవగట్టు మీదికి వచ్చాక ముందుకే చూస్తూ, "ఆ మొదటి కప్పు తాగేది కాదు, కదూ?" అన్నారు.

నా వాగుడు ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు. వెనక్కి తిరిగి నీ మొహం చూసేను."

ఈయన మాట్లాడుతూనే ఉన్నారు, ఒకే ఈడ్పుగా, గాలికి సగం మాటలు నా చెవిన పడుతున్నాయి. "ఇంట్లో అయితే గుక్క వేసి నీ మొహం చూసేవాణ్ణి. గుమ్మంలో నిలబడతావు కదా. డికాషన్ చిక్కగా దిగిన రోజున నీ కళ్ళు మెరుస్తాయి. పాలు అడుగంటితే మూతి బిగించుకుంటావు. కొత్తపొడి వేసిన రోజున నేనెప్పుడు చెబుతానా అని తొందర. నీకు ఏదీ దాచుకోడం రాదు. అదే చదివి చెప్పేసేవాణ్ణి. అక్కడ నువ్వు వెనకాల నిలబడిపోయేవు. నాకు ఎదురుగా గోడ ఉంది."

"మరి వాసన?"

"లేదు."

"కొంచెం కూడానా?"

"ఎప్పుడూ రాలేదు."

ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ నా చెవిలో పువ్వు పెట్టారా! ఊరంతా చెప్పుకున్నానే! దేవుడికి కొబ్బరికాయలు కొట్టానే! "ఎందుకండీ ఇలా చేశారు? నేనేం పాపం చేశానని?" అని వీపు మీద గుద్దాను. నిజంగానే గుద్దాను, రోడ్డు మీద, ఎవరో సైకిలాయన చూస్తుండగా. బండి పక్కకి ఆపారు. దిగలేదు, వెనక్కీ తిరగలేదు.

"మొదటిసారి ఏదో ఊరికే అన్నాను" అన్నారు. "నువ్వు గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చేవు, నవ్వుతా. నువ్వు అలా నవ్వి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. ఆ తర్వాత మరి లేదని చెప్పలేకపోయేను."

అక్కడ ఎంతసేపు ఉన్నామో తెలియదు. నేను ఈయన వీపుకి నుదురు ఆనించి ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఈయన హ్యాండిలు వదల్లేదు. అమలాపురం చేరాక ఇంటికి పోలేదు, సరాసరి గదిగలాయన దగ్గరికి పోయి తాళంచెవి ఇచ్చేశాం. లోపల మూకుడు ఉంది, ఎప్పుడైనా తీసుకెళ్తాం అన్నాను. ఇంకా తీసుకురాలేదు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

మర్నాడు పొద్దున్న కాఫీ కలిపాను. ముక్తేశ్వరంలో బయల్దేరేటప్పుడు వాళ్ళావిడ మంచి గింజల పొడి పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది, అదే వేశాను. కప్పు ఈయన చేతికిచ్చి, ఏ మొహం పెట్టుకోవాలో తెలియక గోడవైపు తిరిగి నిలబడ్డాను. గుక్క వేసిన చప్పుడు వినబడింది.

"ఎలా ఉందో నువ్వే చెప్పు" అన్నారు.

ఇల్లంతా గుమగుమలాడిపోతోంది. వీధిలోకి కూడా వెళ్ళే ఉంటుంది.

"పొడి పాతబడిపోయిందండీ" అన్నాను గోడకేసి చూస్తూనే. "వాసనేమీ లేదు."